ఎలపట ఎటువైపు?

వసంతం వచ్చిందంటే చాలు, మనవాళ్ళ రాతలనిండా కోయిల కూస్తుంది. మావిచిగురు, మల్లెమొగ్గ, వేపపూత, మలయానిలం ఒకదాని వెనుక ఒకటి పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి. నాకేమీ పేచీ లేదు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పంతులుగా ఆ వసంతాన్నే పాఠం చెప్పి జీతం పుచ్చుకున్నవాణ్ణి. అయితే ఈ ఏటి ఉగాది కవిసమ్మేళనంలో ఇరవైమందికి పైగా కవులను వరుసగా వింటూ కూర్చున్నప్పుడు ఒక సంగతి తట్టింది. అన్ని కవితలలోనూ కలిపి ఒక్క ఎద్దు లేదు. ఒక దూడ లేదు, ఒక గొర్రె లేదు. పల్లెలో వసంతమంటే సగం పశువులే కదా! కోతలైపోయిన చేలలో వదిలిన మందలు, ఉగాదినాడు పసుపూ కుంకుమా పెట్టించుకొని కాడి మోసి నాలుగు సాళ్ళు సాగి వచ్చే జతలు, ఎండాకాలపు దుక్కికి ముందు వడ్రంగి ముంగిట్లో వరుసగా పడి ఉండే మడకలు (మా సీమలో నాగలిని మడక అంటాము), ఇవన్నీ ఏ ఋతువులోవి?

మరొక ఊరైతే సరిపెట్టుకుందును. మాది నంద్యాల. ఊరి పేరులోనే నంది ఉన్నాడు. చుట్టూ ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది, శివనంది, విష్ణునంది, గరుడనంది, వినాయకనంది, మహానంది అని తొమ్మిది నందులు. మహానంది స్థలపురాణం వినని పిల్లవాడు ఇక్కడ ఉండడు. ఒక ఆవు రోజూ పుట్టమీద పాలు కురిపిస్తూ ఉండడం, చూడవచ్చిన రాజును చూసి బెదిరి అది పుట్టమీద కాలు మోపడం, ఆ గిట్ట ముద్ర లింగం మీద నిలిచిపోవడం. అంటే మా దేవుడి నెత్తిమీదనే పశువు కాలిగుర్తు ఉన్నది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు యాగంటి కూడా మాతోనే వచ్చింది. అక్కడి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడనీ, ఒకనాటికి లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పారనీ జనం నమ్మకం. రాతి బసవన్న సంగతి నాకు తెలియదు గాని, ప్రాణమున్న బసవన్న మాత్రం మా కళ్ళముందే తరిగిపోయాడు.

"అయ్యో, ఎద్దులు పోయాయి, పల్లె పోయింది" అని కన్నీరు కార్చడానికి ఈ టపా వ్రాయడం లేదని ముందే మనవి చేస్తున్నాను. ఆ ఏడుపు మన సాహిత్యంలో ఇప్పటికే కావలసినంత ఉన్నది. దానిలో చాలా భాగం ఎన్నడూ మేడి పట్టనివారు ఏడ్చినదే. నేను చెప్పదలచుకున్నది వేరు. అది చెప్పాలంటే ఉగాది వెళ్ళిన వారానికి మేము నలుగురం చేసిన చిన్న నడక గురించి చెప్పాలి.

నలుగురమంటే, బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుడొకరు, పశువైద్యశాఖలో పనిచేసి దిగిన మిత్రుడొకరు, పండుగకు బెంగుళూరు నుంచి వచ్చిన బ్యాంకు మిత్రుని కుమారుడు, నేను. తెల్లవారుజామున ఆళ్ళగడ్డ బస్సెక్కి శిరివెళ్ళలో దిగి, ఆటోలో తూర్పుగా వెళ్ళి తెలుగుగంగ కాలువ గట్టెక్కాము. మద్రాసుకు తాగునీళ్ళిచ్చేందుకు 1983లో ఒప్పందమైన కాలువ ఇది. దారిలో మా నల్లమల అంచు పల్లెలకు కూడా నీరిస్తుంది. గట్టుమీద దక్షిణంగా రుద్రవరం దిక్కుకు నడుస్తుంటే ఎడమచేతి వైపు నల్లమల, కుడిచేతి వైపు కుందూ దాకా పరచుకున్న పల్లం. కానుగలు లేతాకు తొడిగి మెరుస్తున్నాయి. మోదుగపూలు అప్పటికే రాలిపోయాయి. ఏడు దాటేసరికి ఎండ చురుక్కుమంది. మా సీమలో వసంతానికి ఓపిక తక్కువ.

మొదట గొర్రెలమంద ఎదురైంది. కోసిన వరిమడిలో రాత్రి మంద కట్టించుకున్నారు. రైతు మందకాపరికి గింజలో డబ్బో ఇస్తాడు; గొర్రెలు పెంటికలు, ఉచ్చ మడికి ఇస్తాయి. పశువైద్య మిత్రుడు వాటి చెవులూ కాళ్ళూ చూసి "నెల్లూరు జాతి" అని తేల్చాడు. ఆ పైన కాలువ మడుగులో కొమ్ములు మాత్రం పైకి పెట్టి పడుకున్న బర్రెలు. వాటిని ఫోటో తీసిన పిల్లవాడు తప్ప మిగిలిన ముగ్గురమూ పెద్దగా పట్టించుకోలేదు. బర్రెకు మన సాహిత్యమూ అన్యాయమే చేసింది, మేమూ చేశాము.

ఆ తరువాత ఎద్దులు వచ్చాయి.

మలుపు తిరిగేసరికి ఎదురుగా, గట్టు వెడల్పంతా ఆక్రమించుకొని, తెల్లని ఒంగోలు గిత్తల జత. మెడలో పట్టెడలు, వాటికి గజ్జెలు. మూపురాలు మా భుజాలకన్న ఎత్తు. రెండింటి ముకుతాళ్ళూ చేతికి చుట్టుకొని, వాటి నడుమ డెబ్బైకి దగ్గరగా ఉన్న మనిషి. మమ్మల్ని చూసి ఎద్దులను నిలబెట్టి కేకవేశాడు.

"సార్! ఎలపట నిలబడాకండి! ఎలపటిది బెదురుతాది. దాపటికి రాండి, దాపటికి!"

మా బ్యాంకు మిత్రుడు వినయంగా తల ఊపి, వెళ్ళకూడని వైపుకే వెళ్ళి నిలబడ్డాడు. గిత్త తల విసిరింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. దాని ముట్టె మావాడి భుజానికి జానెడు దూరంలో ఆగింది. పెద్దాయన ముకుతాడు లాగిపెట్టి పట్టుకోకపోతే మావాడు కాలువలో ఉండేవాడు. పశువైద్య మిత్రుడు రెక్కపట్టి ఇవతలికి లాగాడు. బెంగుళూరు పిల్లవాడు మెల్లగా అడిగాడు: "అంకుల్, దాపట అంటే లెఫ్టా, రైటా?"

మిత్రులారా, ఈ ప్రశ్న నన్ను ఆనాటి నుంచి వదలలేదు. ఆ పిల్లవాడు తెలివైనవాడు, తెలుగు చదవడం వ్రాయడం చక్కగా వచ్చినవాడు. వాళ్ళ తాతగారింట నాలుగు జతలు ఉండేవి. తండ్రికి కూడా ఆ మాట గుర్తు లేదని కళ్ళారా చూశాము. రెండు తరాల్లో ఒక మాట మరుగై, మనిషి ఎద్దు కొమ్ముకింద నిలబడేంత పని జరిగింది.

కాడికి కట్టిన జతలో, తోలేవాడికి ఎడమవైపు ఉండేది దాపటిది, కుడివైపుది ఎలపటిది. గ్రంథాలలో ఈ మాటలు దాపల, వలపల. అచ్చతెలుగులో డా అంటే ఎడమ, వల అంటే కుడి. కావ్యాలు చదివినవారికి డాకేలు, వలకేలు తెలుసును. ఈ రెండింటినీ అర్థతాత్పర్యాలతో వల్లెవేయించడానికి భాషాప్రవీణ తరగతులలో మా గురువులు బెత్తం కూడా వాడారు. ఇవి కావ్యాలలో తప్ప ఎక్కడా లేవనుకునే పండితులను నేనెరుగుదును. ఉన్నాయి. శిరివెళ్ళ అవతల కాలువగట్టు మీద ఉన్నాయి. కవుల నోటనుంచి జారిపోయిన తెలుగు ఎడమా కుడీ, మడకవాని నోట ఇన్ని వందల ఏళ్ళు నిలిచాయి.

ఇంకొక చిత్రం చూడండి. వలపలగిలక అనే గుర్తు మనందరం ఒకప్పుడు నేర్చుకున్నదే. ధర్మము, కర్మము వంటి మాటలలో రేఫను పూర్తి అక్షరంగా వ్రాయకుండా, పక్క అక్షరానికి కుడివైపున గిలకగా వ్రాసేవారు. ఇప్పటి అచ్చులో దాదాపు కనబడదు. వలపల గిలక, అంటే కుడివైపు గిలక. తరగతిలో ఈ పేరు చెప్పగానే సేద్యగాళ్ళ పిల్లలు నవ్వేవారు, "సార్, ఎలపటెద్దా!" అని. ఆ నవ్వే నాకు సగం పాఠం చెప్పిపెట్టేది. నేను దిగిపోయే ముందరి పది పన్నెండేళ్ళలో ఆ నవ్వు వినబడలేదు. పిల్లలు ఆ పేరును ఒక మందు పేరులాగా బట్టీపట్టారు.

పెద్దాయన దగ్గర అరగంట కూర్చున్నాము. అవి సేద్యపు ఎద్దులు కావు, బండలాగుడు పోటీల ఎద్దులు. మహానందిలో శివరాత్రి తిరునాళ్ళకు లాగాయట. నాలుగు పళ్ళ జత. అంటే పాలపళ్ళు రాలి నాలుగు శాశ్వత దంతాలు వచ్చిన వయసు. పోటీలలో వర్గాలు కూడా ఈ పళ్ళ లెక్కనే ఉంటాయి. ఉలవలు, పత్తిగింజలు, జొన్నపిండి పెడతారు. ఉదయం నడిపిస్తారు, సాయంత్రం కాలువలో ఈదిస్తారు. కొడుకు కారు కొనుక్కుంటానంటే ఈయన జత కొన్నాడని నవ్వుతూ చెప్పాడు. మరి దుక్కి? దుక్కికి ట్రాక్టరే.

"ఎద్దుల్తో దున్నితే నాలుగు దినాలు. ట్రాక్టరు పొద్దున వస్తే మద్యానానికి అయిపాయ. ఎద్దుకు పని లేకపోయినా మేత తప్పదు కదా సార్. ట్రాక్టరుకు పని లేకుంటే మేత అక్కరలేదు."

ఈ ఒక్క వాక్యంలో ఉన్నంత అర్థశాస్త్రం మన సంపాదకీయాలలో ఉండదు. ఏడాదికి కొద్ది వారాల పనికోసం ఏడాదంతా మేపాలి. వరికోత యంత్రం వచ్చాక గడ్డి మునుపటిలా వామికెక్కడం లేదు. చూసుకోవడానికి జీతగాడు దొరకడు. నల్లరేగడిలో పాతుకుపోయిన గరికను పెకలించడానికి ఒకప్పుడు ఎన్నో జతలు కట్టి పెద్దమడక లాగించేవారు. ఆ పని ఇప్పుడు ఒక యంత్రం విసుగు లేకుండా చేస్తుంది. పత్తి, మిరప సాళ్ళ నడుమ గుంటక తోలడానికి ఇంకా కొందరు జతలు ఉంచుకున్నారు. మిగిలినవారు అమ్మేశారు. ఇందులో తప్పేమిటి? ఎండలో మేడి పట్టి నడిచినవాడు ఆ నడక మానుకుంటే, బస్సుల్లో తిరిగే మనం "నేలతల్లితో బంధం తెగిపోయింది" అని వ్రాయడం నాకు మర్యాదగా తోచదు.

బండలాగుడు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చర్నాకోలతో వీపు వాచేలా బాదే తోలేవాళ్ళను నేను కళ్ళారా చూశాను, దాన్ని సమర్థించను. ఆ దెబ్బలు ఆపవలసినవే. అయినా ఒంగోలు గిత్తను ఇంటి ముందు కట్టుకోవడానికి మా సీమ రైతుకు ఈనాడు మిగిలిన కారణం ఈ పోటీ ఒక్కటే. సముద్రాల అవతల బ్రెజిల్లో మన నెల్లూరు పేరే నెలోర్ అనే జాతిపేరై వర్ధిల్లుతున్నది. 2023లో వియాటీనా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటా వేలం వేస్తే, ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఆ వార్త మన పత్రికలన్నీ గర్వంగా వేసుకున్నాయి. అదే జాతి కోడెదూడ మన బజారులో చెత్తకుండీ దగ్గర ప్లాస్టిక్ సంచి నములుతుంటే వార్త కాదు.

పశువైద్య మిత్రుడు లెక్కలు చెప్పాడు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతిలో ఆడపశువులు 14 కోట్ల 51 లక్షలు. 2012 కన్న 18 శాతం పెరిగాయి. మగవి 4 కోట్ల 74 లక్షలు. 30 శాతం తగ్గాయి. ఏడేళ్ళలో ఇంత తేడా! ఆవు పాలిస్తుంది గనుక ఉన్నది. కోడెదూడకు పని లేదు గనుక లేదు. ఇప్పుడు ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం కూడా వచ్చింది. పదింటికి తొమ్మిది పెయ్యలే. "ఇక ముందు ఆబోతు అనే మాట తిట్టుగా తప్ప మిగలదు" అన్నాడాయన. నవ్వాము గాని నవ్వులాటగా లేదు.

ఇక నా అసలు మాటకు వస్తాను. ఎద్దు పోవడానికి రైతు కారకుడు కాడు. మాట పోవడానికి మాత్రం మనం కారకులమవుతాము, మనమంటే తెలుగు చదువుకున్నవాళ్ళం.

వస్తువు పోతే మాట పోవడం సహజమే కదా అంటారు. నిజమే, ఎన్నో పోయాయి. ఈ మాటలు అంత సులువుగా పోవు. పోకుండా, అర్థం తెగి గాలిలో వేలాడతాయి, అదే చిక్కు. "పగ్గాలు చేపట్టారు" అని ప్రతి ప్రభుత్వం మారినప్పుడూ పత్రికలు వ్రాస్తాయి. "కాడి పడేశారు" అంటాము. "ముకుతాడు వేశారు" అంటాము. మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచి 1969లో పార్టీ చీలేదాకా కాంగ్రెసు గుర్తు కాడి జోడెడ్లు. చదువురాని ఓటరు కూడా గుర్తుపట్టేందుకే ఆ బొమ్మ పెట్టారు. ఇప్పుడు చదువు వచ్చిన పిల్లలకు ఆ బొమ్మలో కాడి ఏదో చూపించాలి. నా కడపటి పదోతరగతి వాళ్ళలో ఒకడు "పగ్గాలు చేపట్టుట" అంటే "కిరీటము ధరించుట" అని వ్రాశాడు. మార్కు వేశాను, భావం కుదిరింది కనుక. వాడి కళ్ళముందు మాత్రం ఏ పగ్గమూ లేదు, వెనక్కి లాగితే ఆగే ఏ ప్రాణీ లేదు. పగ్గం అంటే అధికారం మాత్రమే కాదు, మన చేతి కదలికకు అవతల ఒక ప్రాణి ముక్కు నొస్తుందన్న ఎరుక కూడా. ఆ ఎరుక లేని పగ్గం ఒట్టి కిరీటమే అవుతుంది!

మన పెద్దలు ఈ పని తలపెట్టకపోలేదు. పక్కనే కడపలో ఉండి తెలుగు నేర్చిన బ్రౌను 1852లో అచ్చువేసిన నిఘంటువులో పొలం మాటలకు పెద్దపీటే వేశాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తిపదకోశంలో మొట్టమొదటి సంపుటం, 1962 నాటిది, వ్యవసాయ పదాలదే. ఊరూరా తిరిగి సేద్యగాళ్ళను అడిగి వ్రాసుకున్న పుస్తకమది. అప్పుడు అడగడానికి మనుషులు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఇప్పుడు డెబ్బై దాటినవారిలో మాత్రమే ఉన్నారు. మరో పదేళ్ళ తరువాత అడగబోతే సమాధానం చెప్పేవారు ఉండరు.

ఆ పెద్దాయన అరగంటలో నాకు చెప్పినవే చూడండి. ఎలపట నేర్పిన ఎద్దును దాపట కడితే కుదరదు. సంతలో జత కూర్చేటప్పుడు మొదటి ప్రశ్న "ఎలపటిదా, దాపటిదా?" అనే. జతలో ఒకటి పోతే మిగిలినదానికి అదే వైపుకు కాక ఎదుటివైపుకు అలవాటైన జోడీని వెదకాలి. మనిషికి పెళ్ళిసంబంధం చూసినంత పని. ఇది ఒక మాట అర్థం మాత్రమేనా? ఒక లోకం తెలివి.

నడక అక్కడితో ఆపి రుద్రవరం దారిన ఆటోలో ఆళ్ళగడ్డ చేరాము. ఎండ ఎక్కువైంది, బ్యాంకు మిత్రుని ధైర్యం తక్కువైంది. ఆళ్ళగడ్డలో శిల్పుల కర్మశాలలు మీకు తెలిసే ఉంటాయి. ఏ రాష్ట్రంలో గుడి కట్టినా ఇక్కడినుంచి విగ్రహాలు వెళ్ళడం కద్దు. ఒక పందిరి కింద ఆరు నందులు వరుసగా ఉన్నాయి, తెల్లని రాతిపొడి కప్పుకొని. కోత యంత్రం రొద చెవులు బద్దలుకొడుతున్నది. ఒక నడివయసు శిల్పి, ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడికి నంది మెడ చూపిస్తూ గట్టిగా చెబుతున్నాడు.

"గంగడోలు ఇంకా కిందికి దించాల. గంగడోలు సరిగా పడలేదంటే అది నంది కాదురా, బర్రె అవుతుంది!"

నేను అక్కడే నిలబడిపోయాను. తర్కశాస్త్రంలో గోవుకు చెప్పిన లక్షణం ఏమిటి? సాస్న కలది గోవు అని. సాస్న అంటే గంగడోలే. కొమ్ములన్నా, తోకన్నా, నాలుగు కాళ్ళన్నా వేరే జంతువులకూ వర్తిస్తాయి. గంగడోలు ఉంటేనే గోవు. తార్కికులు తలలు పగలగొట్టుకొని నిర్ణయించిన లక్షణాన్ని ఈయన ఉలి పట్టుకొని, బర్రెను ఉదాహరణగా చూపి, ఒక్క వాక్యంలో చెప్పాడు. ఆ కుర్రవాడికి గంగడోలు అనే మాట ఇక పోదు. వాడికి రోజూ పని ఉన్నది కనుక, ఆ పనికి ఆ మాట కావాలి కనుక. బెంగుళూరు పిల్లవాడు కూడా ఆ మాటను ఫోనులో వ్రాసుకున్నాడు, "దాపట - లెఫ్ట్" అన్నదాని కింద.

నేను ఒక నోటుపుస్తకం తెరిచాను. ఇప్పటికి 63 మాటలు చేరాయి. చూడి, తొలిచూలు, ఒట్టిపోవడం వంటి పాడి మాటలు ఆడవాళ్ళ దగ్గర ఎక్కువ దొరుకుతున్నాయి. మగవాళ్ళు పలుపు, తలుగు, పట్టెడ దగ్గర ఆగిపోతారు. కోడెకు కాడి మరిపే రోజుల్లో వాడే అదిలింపు కేకలను అక్షరాలలో పెట్టడం మాత్రం నావల్ల కావడం లేదు. నాలుకను అంగిటికి కొట్టి చేసే ఆ చప్పుడుకు మన యాభై ఆరు అక్షరాలలో ఒక్కటీ ఒప్పుకోవడం లేదు.

మీ సహాయం కావాలి. కోస్తాలో, తెలంగాణంలో, ఉత్తరాంధ్రలో, హొసూరు, బళ్ళారి ప్రాంతాల తెలుగువాళ్ళలో కాడికి కుడివైపు ఎద్దును ఏమంటారు? మీకు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోను చేసి అడగండి. ఊరి పేరు, చెప్పినవారి వయసు తప్పకుండా వ్రాయండి. వారి పేరు అక్కరలేదు. పొరుగు మండలంలో ఒకరు "వెలపటిది" అంటారనీ, మరొకరు వకారమే పలకరనీ విన్నాను. అది ఎక్కడ మారుతున్నదో, కుందూకు ఇవతలా అవతలా అన్నది ఇంకా తేల్చుకోవలసి ఉన్నది.